నలభై చొక్కా జేబుల్లో చదువు

ఆ పొద్దున గుసగుస వేసుకున్న ప్లాను చాలా సాదాది. ఆరింటికి లేచి మొహం కడుక్కోవాలి, కుట్టుమిషను కిందున్న బిస్కెట్ల డబ్బా తీసుకుని మేడమెట్ల మీద కూర్చోవాలి, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా చదువుకోవాలి. మాట్లాడకుండా ఉండటం ఆమెకు పెద్ద కష్టం కాదు. పదిహేడేళ్లుగా ఆ పని మీదే ఉంది. ఏం చెప్పినా పక్కనున్న మనిషికి కూడా సగమే చేరేది కాబట్టి చిన్నప్పుడే నాయనమ్మ గుసగుస అని పేరు పెట్టింది. అసలు పేరు బడి రిజిస్టరులో మిగిలింది, ఈ పేరు ఇంట్లో మిగిలింది.

కాలేజీ ప్రవేశ పరీక్షకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. పుస్తకాలు ఎదురింటి అక్కవి. అవి మొన్ననే తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. ఇచ్చే ముందు రెండు నెలలు కూర్చుని, మొత్తం చదువునంతా నలభై చీటీల్లోకి దించింది. ఇప్పుడు ఆమె దగ్గరున్న చదువంటే ఆ బిస్కెట్ల డబ్బాయే.

చీటీలకు కాగితం నాన్న ఇచ్చాడు. ఆయన టైలరు, ఇంటి ముందుగదే ఆయన కొట్టు. ఆ కొట్టుకో పద్ధతుంది. కుట్టడం పూర్తయిన చొక్కా జేబులో దాని కొలతల చీటీ పెట్టి ఇస్తారు. వచ్చేసారి ఆ చీటీ తెచ్చుకుంటే మళ్లీ కొలతలు తీయక్కర్లేదు. చీటీ లేకుండా ఆ గడప దాటిన చొక్కా లేదు. ఊరి చివర బస్సు డిపోలో డ్రైవర్లూ కండక్టర్లూ కలిపి నలభైమంది. ఏటా వాళ్ల నీలం చొక్కాలు నాన్నే కుడతాడు. ఈ ఏడు చీటీలు పట్టుకుని వచ్చారు గానీ, ఒక్కరి నడుమూ చీటీ మాట వినలేదు. నాన్న అందరికీ కొత్తగా కొలతలు తీసి, పాత చీటీలు కూతురికి ఇచ్చాడు. ముందువైపు బ్యాడ్జి నంబరు, ఛాతీ, నడుము, చేతి పొడవు. వెనకవైపు ఖాళీ. ఆ ఖాళీలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, లెక్కలు సర్దుకున్నాయి.

డబ్బా తీస్తే తేలిగ్గా వచ్చింది. మూత తెరిస్తే అడుగున బిస్కెట్ల పొడి తప్ప ఏమీ లేదు.

"నాయనమ్మా, డబ్బాలో చీటీలేవి?"

నాయనమ్మ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. "ఏంటీ?"

"చీటీలు."

"ఓ, చీటీలా. పెట్టేశాగా. చీకటితో లేచి చూస్తే నలభై చొక్కాల జేబులూ ఖాళీ. మీ నాన్న మర్చిపోయాడు. వెతికితే డబ్బాలో కనపడ్డాయి. కళ్లజోడు పెట్టుకుని, కాలరు మీద మీ అమ్మ కుట్టిన నంబరు చూసుకుంటూ ఒక్కోటీ పెట్టా. ఒక్కటీ తేడా రాలేదు."

గుసగుస గోడ మేకు వైపు చూసింది. ఈ ఏటి కొలతల చీటీలు నలభై, గుచ్చినవి గుచ్చినట్టే వేలాడుతున్నాయి.

"వెనకవైపు చూడలేదా?"

"నంబరు ముందుంటే వెనకెందుకు చూస్తానే?"

నాన్న మూట కట్టుకుని ఆరింటికే డిపోలో ఇచ్చేసి వచ్చాడు. జేబుల్లో చీటీలు కనపడితే భార్య పెట్టిందనుకున్నాడు. అమ్మ మూట కనపడకపోతే భర్త అన్నీ చూసుకున్నాడనుకుంది. ఆ ఇంట్లో అందరూ పనిమంతులే కావడంతో ఎవరూ ఎవరినీ అడగలేదు.

"వెళ్లి అడుగు, ఇచ్చేస్తారు," అన్నాడు నాన్న, పెదాల మధ్య గుండుసూదులు కదలకుండా. "రేపటికి నాలుగు కోట్లు కుట్టాలి, నేను రాలేను. ఈ అసలు చీటీలు ఇచ్చి అవి తెచ్చుకో. నోరు తెరిచి అడగాలి మరి."

ఆమెకు పరీక్ష కన్నా ఆ చివరి మాటే కష్టంగా తోచింది. సైకిలు తొక్కుతూ దారిపొడుగునా ఒకే వాక్యం అప్పజెప్పుకుంది. మా నాయనమ్మ పొరపాటున నా చీటీలు మీ జేబుల్లో పెట్టింది, దయచేసి ఇచ్చేయండి. పదకొండోసారికి బాగానే వచ్చింది.

డిపోలో బస్సులన్నీ బారుగా నిలబడి ఉన్నాయి. బెంచీల మీద ప్రయాణికులు విసుక్కుంటున్నారు. విశ్రాంతి గదిలోకి తొంగిచూస్తే కొత్త నీలం చొక్కాలు. చేతిలో చీటీ, పైకప్పు మీద చూపు, కదిలే పెదాలు. అలాంటి మనుషుల్ని ఆమె పరీక్ష హాలు వరండాల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

జరిగిందేమిటంటే, ఆమె చీటీల్లో రెండు అలవాట్లున్నాయి. ఒకటి, దేని గురించి రాసిందో ఆ పేరు రాయదు. లక్షణాలు మాత్రం రాసి, అదేమిటో తనే చెప్పుకుంటుంది. రెండు, తనను తాను తిట్టుకుంటుంది. వీటికి తోడు ముందురోజు సాయంత్రం కూర్చుని నలభై చీటీల మీదా మూలన ఎర్రసిరాతో, తెల్లారితే మిగిలే లెక్క చూసుకుని, 'ఇంకా ఆరు రోజులే' అని రాసింది, భయం కలగాలని. భయం కలిగింది. కాకపోతే డిపోకు కలిగింది.

తొమ్మిదో నంబరు కండక్టరమ్మ నోరు గల మనిషి. ఆవిడ జేబులో వచ్చిన చీటీ ఇది: 'నీళ్లు తగిలితే మండుతుంది. కిరసనాయిలులో ముంచి ఉంచాలి.' టైలరు పంపిన చొక్కాలో టైలరు చీటీ ఉంటే, అది ఉతికే విధానం కాక ఇంకేమవుతుంది? కిరసనాయిలు దొరక్క డిపోలో డీజిలు పోయించుకుని, కొత్త చొక్కాను బక్కెట్లో నానబెట్టింది.

ముప్పై ఒకటో నంబరు పెద్ద డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు, దానికి తగ్గ పొట్ట. ఆయన చీటీ ఇది: 'వేగం రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలు. మర్చిపోవడం ఇది నాలుగోసారి. సిగ్గుండాలి.' పోయిన నెలలోనే ఆయన బస్సు స్టాపు దాటిపోయి రెండు కరెంటు స్తంభాల అవతల ఆగింది. అది నిజంగానే నాలుగోసారి. చీటీ చదివి ఆయన షెడ్డు వెనక్కి పోయి ఓ పాత టైరు మీద కూర్చున్నాడు.

మిగతావాళ్లు చీటీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. సూత్రాలున్నాయి, తిట్లున్నాయి, గడువుంది. ఇది పరీక్షేనని తేల్చుకుని మేనేజరు గదికి వెళ్లారు.

"సార్, ఆరు రోజుల్లో మాకు పరీక్షంట?"

మేనేజరుకు ఆ సంగతి తెలియదు. కానీ తెలియదు అనే మాట కూడా ఆయనకు తెలియదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఒక్కసారీ వాడలేదు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని, "అవును. పైనుంచి ఆర్డరు. నేనే చెబుదామనుకుంటున్నా," అన్నాడు. వాళ్లు వెళ్లగానే నోటీసు రాసి, సంతకం చేసి, స్టాంపు వేసి, బోర్డుకు అంటించాడు.

గుసగుస ఆ బోర్డు చూడలేదు. బోర్డు ముందు జనం ఉన్నారు. జనం ఉన్నచోటికి ఆమె వెళ్లదు. పక్కదారిన నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి తన వాక్యం చెప్పింది.

"ఆఁ?" అన్నాడాయన, బల్ల మీదికి వంగుతూ.

రెండోసారి చెప్పింది. మూడోసారికి ఆయన బల్ల దాటి వచ్చి చెవి ఒగ్గాడు. విన్నాక తలుపు దగ్గరికి వేశాడు.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పినా వినపడదులే," అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. "చూడు పాపా. నోటీసు పెట్టేశా. సంతకం చేశా. స్టాంపు కూడా పడింది."

"కానీ సార్, నా పరీక్ష..."

"నీ చీటీలు నీకొస్తాయి. కాకపోతే ఇప్పుడు అడిగితే ఎవడిస్తాడు? వాళ్లకూ పరీక్షేగా. అందుకని, ఒక్కొక్కరికీ వాళ్ల చీటీ అర్థమయ్యేలా చెప్పు. అర్థమైనవాళ్లు ఇచ్చేస్తారు. రోజూ ఓ గంట చాలు."

"నాకు గట్టిగా మాట్లాడటం రాదు సార్."

మేనేజరు మొహం వెలిగింది. ఇన్నాళ్లకు తనకు నిజంగా తెలిసిన విషయం దొరికింది. ఆమెను విచారణ గదిలోకి తీసుకెళ్లి, బస్సుల రాకపోకలు చెప్పే మైకు ముందు కూర్చోబెట్టి స్విచ్చి వేశాడు.

గుసగుస కాసేపు మైకు వైపు చూసింది. మైకు కూడా ఆమె వైపే చూస్తున్నట్టుంది. కిటికీలోంచి కండక్టరమ్మ డీజిలు బక్కెట్టు కనపడుతోంది. అది చూశాక ఇక ఆగలేకపోయింది.

"తొమ్మిదో నంబరు గారూ," అంది. "నీళ్లు తగిలితే మండేది మీ చొక్కా కాదండీ. సోడియం."

ఆ మాట విశ్రాంతి గదిలో, షెడ్డులో, బస్సుల మధ్య, రోడ్డు దాకా మోగింది. గుసగుస ఉలిక్కిపడి, ఎవరు మాట్లాడారా అని వెనక్కి తిరిగి చూసింది.

కండక్టరమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "ఆ ముక్క నానబెట్టకముందు చెప్పాలి. సరే, ఏంటది సోడియం? నీళ్లకీ దానికీ అంత గొడవేంటి?"

ఆమె చెప్పింది. కండక్టరమ్మ వదిలే రకం కాదు. ఎందుకు మండుతుంది అంది, మరి ఉప్పులో ఉన్నప్పుడు ఎందుకు మండదు అంది. గుసగుస రెండు నెలలుగా బట్టీ పట్టిన జవాబు రెండో ప్రశ్నకే అయిపోయింది. ఆలోచించాల్సి వచ్చింది. ఆలోచిస్తే జవాబు వచ్చింది. అది ఆమెకే వింతగా అనిపించింది.

"అర్థమైంది," అని కండక్టరమ్మ చీటీ ఇచ్చేసింది. మొదటి చీటీ. బస్సులు గంటన్నర ఆలస్యంగా కదిలాయి.

మర్నాటి నుంచి రోజూ అదే తంతు. మధ్యాహ్నం భోజనాల గంటలో మైకు ముందు గుసగుస, కిటికీ దగ్గర వరుస. వాళ్లు ఊరికే వినే విద్యార్థులు కారు. బ్రేకు కొడితే నిలబడ్డవాళ్లు ముందుకెందుకు పడతారో ఆమె జడత్వం అంటూ సూత్రం చెబితే, కండక్టర్లు తాము పడ్డ చోట్లు చూపించారు. మలుపులో బయటికి తోసేస్తుందని డ్రైవర్లు అంటే, ఎవరూ తోయరని నిరూపించడానికి ఒక పూట పట్టింది. ప్రయాణికులకు ఇవన్నీ వినక తప్పేది కాదు. ఒకాయన బస్సు ఎక్కబోతూ, "ఆ రెండో సూత్రం మళ్లీ ఒకసారి చెప్పించండి," అని కండక్టరును బతిమాలుకున్నాడట.

నాలుగో రోజుకు ముప్పై తొమ్మిది చీటీలు డబ్బాలో చేరాయి. పెద్ద డ్రైవరుది మాత్రం రాలేదు. ఆయన వరుసలోకే రావడం లేదు. గుసగుస తనే వెతుక్కుంటూ వెళ్లింది.

"బాబాయ్, ఆ చీటీ..."

"మేనేజరు నా మొహం మీద తిట్టొచ్చుగా. జేబులో పెట్టి పంపడమేంటమ్మా?"

"అది మిమ్మల్ని తిట్టింది కాదు. నన్ను నేను తిట్టుకున్నా."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "నీకేం ఖర్మ. నువ్వూ స్టాపు దాటించావా?"

"ఎందుకు నాలుగింతలవుతుందో బుర్రకెక్కదు బాబాయ్. రెండింతలే కదా అవ్వాలి అనిపిస్తుంది. నాలుగుసార్లు తప్పు రాశా."

"ఓస్, దీనికా," అని ఆయన లేచాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి హుషారుగా. "టేపుందా?"

టైలరు కూతురి సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. డిపో వెనక ఖాళీ జాగాలో సుద్దగీత గీశారు. ఆయన ఖాళీ బస్సును ఇరవైలో తెచ్చి, గీత మీద బ్రేకు కొట్టాడు. గీత నుంచి బస్సు ఆగిన చోటు దాకా కొలిస్తే ఎనిమిది అడుగులు. మళ్లీ వెనక్కి తీసుకెళ్లి నలభైలో తెచ్చాడు. నాన్న టేపు ఐదడుగులే కాబట్టి ఆమె మోకాళ్ల మీద పాకుతూ కొలిచింది. ఐదు, పది, పదిహేను. ఎంతకీ బస్సు రాదు. చివరికి ముప్పై రెండు.

మోకాళ్లకు అంటిన దుమ్ముతో అక్కడే కూర్చుండిపోయింది. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు. అది ఇక ఈ జన్మకు మర్చిపోవడం కుదరదు. కొలిచిన మోకాళ్లు గుర్తుచేస్తాయి.

"ఇంత తెలిసి నాలుగుసార్లు స్టాపు ఎందుకు దాటిపోయారు బాబాయ్?"

"అది బ్రేకు వల్ల కాదమ్మా, కబుర్ల వల్ల," అని ఆయన చీటీ ఆమె చేతిలో పెట్టాడు. "ఇక నా పరీక్షంటావా, అది నావల్ల కాదులే. నాకు బండి ఆపడం వచ్చు. ఎందుకాగిందో రాయడం రాదు."

పరీక్ష రోజు పొద్దున గుసగుస ఎనిమిది గంటలకే స్టాపులో నిలబడింది. పక్కన నాన్న. పరీక్ష పదింటికి, పట్నంలో. బస్సులో నలభై నిమిషాల దారి. గేటు తొమ్మిదిన్నరకు మూసేస్తారు. ఎనిమిది పది బస్సు ఎక్కితే తీరిగ్గా చేరుకోవచ్చు.

ఎనిమిది పదికి బస్సు రాలేదు. ఇరవైకీ రాలేదు. స్టాపులో ఒకాయన, "ఇవాళ పదింటిదాకా బళ్లు లేవంట. డ్రైవర్లకేదో పరీక్షంట," అన్నాడు.

గుసగుసకు అప్పుడు తెలిసింది. ఆరు రోజులే అని తను రాసింది, ఆరో రోజు పొద్దున ఎనిమిది నుంచి పది అని మేనేజరు నోటీసు పెట్టాడు. ఆ ఆరూ ఈ ఆరూ ఒకటేనన్న లెక్క, నలభైలో పదకొండు లెక్కల చీటీలే అయినా, ఇన్ని రోజుల్లో ఆమెకు తట్టలేదు.

నాన్న సైకిలు వెనక కూర్చుని డిపో చేరేసరికి ఎనిమిదిన్నర. విశ్రాంతి గదిలో బెంచీల మీద ఎడం ఎడంగా నలభైమంది. మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని మధ్యలో తిరుగుతున్నాడు.

"సార్, మా అమ్మాయి పరీక్ష," అన్నాడు నాన్న గుమ్మంలోంచి.

"ష్. పరీక్ష జరుగుతోంది," అన్నాడు మేనేజరు. "పేపరు ఇచ్చేసినవాళ్లే లేవాలి. ముందే లేస్తే తప్పినట్టు లెక్క. రూలు."

ఆ రూలు కూడా అప్పుడే పుట్టిందని ఆయన మొహమే చెబుతోంది. నాన్న ఇంకేదో అనబోయి పక్కకు చూస్తే కూతురు లేదు.

డిపో అంతా మైకు మోగింది.

"ప్రయాణికులకు గమనిక. ఎనిమిది పదికి బయల్దేరాల్సిన బస్సు ఇంకా ఇక్కడే ఉంది. అందులో వెళ్లాల్సిన అమ్మాయికి పట్నంలో పరీక్ష ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు విచారణ గదిలో ఉంది. మాట్లాడుతున్నది ఆ అమ్మాయే."

విశ్రాంతి గదిలో నలభై తలలు ఒక్కసారి పైకి లేచాయి. కొందరు సగం లేచారు. కండక్టరమ్మ ఒక చేత్తో రాస్తూనే, "రెండే ప్రశ్నలున్నాయి, ఉండమ్మా," అని కిటికీ వైపు కేకేసింది. ఆవిడకు ఫస్టు రావాలని పట్టుదల. ఇంతలో చివరి బెంచీ కిర్రుమంది. పెద్ద డ్రైవరు తెల్లకాగితం తెల్లగానే మడిచి మేనేజరు చేతిలో పెట్టాడు.

"బతికించావు తల్లీ," అన్నాడు బయటికొచ్చి, తాళాలు గలగలలాడిస్తూ. "ఎలా లేవాలా అని అరగంట నుంచి చూస్తున్నా."

కండక్టరు లేడు కాబట్టి టికెట్టు లేదు. దారిలో స్టాపుల్లో విసిగి నిలబడ్డవాళ్లంతా ఎక్కారు. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్న గుసగుస ఆయన్ను ఒక్క కబురూ చెప్పనివ్వలేదు. ఆయన తల తిప్పబోయినప్పుడల్లా, "బాబాయ్, రోడ్డు," అంది. తొమ్మిదీ ఇరవైకి బస్సు ఆగింది. మెట్టు దిగితే అడుగు పడింది సరిగ్గా పరీక్ష కేంద్రం గేటులో.

హాలులో ఇన్విజిలేటరు ఆమె హాల్‌టికెట్టు నంబరు అడిగాడు. ఆమె చెప్పింది. హాలంతా తిరిగి చూసింది.

"కాస్త మెల్లగా చెప్పమ్మా," అన్నాడాయన.

పదిహేడేళ్లలో ఆ మాట ఆమెతో ఎవరైనా అనడం అదే మొదటిసారి. నవ్వాపుకుంటూ పేపరు తిప్పింది. మూడో ప్రశ్న ఒక వాహనం గురించి, దాని వేగం రెండింతలైతే ఏమవుతుందని. మోకాళ్లు నిమురుకుని జవాబు రాసింది.

సీటు వచ్చింది. ఆ ఘనత మొత్తం తనదేనని నాయనమ్మ ఇప్పటికీ అంటుంది. నేను పెట్టబట్టే కదా అని. నాన్న కొట్టులో మాత్రం పద్ధతి మారింది, జేబులో పెట్టే ముందు చీటీ రెండువైపులా చూస్తున్నారు.

డిపో ఫలితాలు కూడా వారానికి బోర్డు మీద పడ్డాయి, సంతకంతో, స్టాంపుతో. కండక్టరమ్మ ఫస్టు. ముప్పై తొమ్మిదిమంది పాసు. తప్పింది ఒక్క పెద్ద డ్రైవరే. ఆ పొద్దున బస్సు నడిపిందీ ఆయనొక్కడే.